నీలం అద్దం వెనక తెర వెలుగుతుందా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాళ్లది మామగారు మొదలుపెట్టిన చీరల దుకాణం. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలకు చుట్టుపక్కల మండలాల్లో మంచి పేరుంది. రెండేళ్ల కింద పాత దుకాణం తీసేసి కొత్త బిల్డింగ్ కట్టారు. కిందా, మొదటి అంతస్తులో దుకాణం. ఆ పైన ఇల్లు. మొదటి అంతస్తుకు రోడ్డు వైపు ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున నీలం అద్దం వేశారు. ముఖం పడమరకు. ముందు అరవై అడుగుల రోడ్డు, దాని అవతల ఒక ప్రసూతి ఆస్పత్రి.

ఆ అద్దానికి ట్రాన్స్‌పరెంట్ ఎల్ఈడీ తెర, అంటే వెలుతురు ఆరపారా పోయే ప్రకటనల తెర, పెట్టాలని ఆమె మరిది పట్టుబట్టాడు. ఒక కంపెనీ రెండు కొటేషన్లు ఇచ్చింది. అద్దానికి అతికించే ఫిల్మ్ రకం 9 లక్షల 80 వేలు, లోపల నిలబెట్టే క్యాబినెట్ రకం 15 లక్షల 50 వేలు, జీఎస్టీ అదనం. ఇంట్లో ఎవరినీ అడగకుండా అతను లక్షన్నర అడ్వాన్స్ ఇచ్చేశాడు. "చీరె చూసి కొంటరు గని బొమ్మ చూసి కొంటరా" అని మామగారు అతనితో మాట్లాడటం మానేశారు. భర్త ఎటూ తేల్చడం లేదు. దుకాణం లెక్కలు రాసేది ఆమె. మిగతా డబ్బుకు ఆమె బంగారం కుదువ పెడదామన్న మాట కూడా వచ్చింది. దసరాకు ముందే బిగించాలని కంపెనీ తొందరపెడుతోంది. "ఏ రకం మంచిది? అసలు పెట్టాల్నా వద్దా? ఒకరి మాట నిలబెడితే ఇంకొకరి మనసు విరుగుతది. నేనేం చెప్పాలె?" అని ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఇంట్లో వాదమంతా పెట్టాలా వద్దా అని. కంపెనీ వాళ్ల మాటంతా ఫిల్మా, క్యాబినెట్టా అని. మీ ఉత్తరంలో ఒకే ఒక్కసారి వచ్చిన ‘నీలం అద్దం’ గురించి మాత్రం ఎవరూ మాట్లాడినట్టు లేదు. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ అద్దంలోనే ఉంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

మన దగ్గర ఎలివేషన్‌కు వేసే నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగు అద్దాలు చాలావరకు రిఫ్లెక్టివ్ గ్లాసులే. వేడి లోపలికి రాకుండా వాటికి ఒక పక్క పలుచని లోహపు పూత ఉంటుంది. బయటి వెలుతురులో 20 నుంచి 40 శాతం మాత్రమే లోపలికి వస్తుంది. లోపలి వెలుతురు బయటికి పోయేదీ దాదాపు అంతే. తెర వెలుగును నిట్స్‌లో లెక్కకడతారు. కొటేషన్‌లో 5,000 నిట్స్ అని ఉందనుకోండి. 30 శాతం వెలుతురు వదిలే అద్దం దాటేసరికి రోడ్డు మీది మనిషికి చేరేది 1,500 మాత్రమే. అదే రంగు లేని మామూలు తెల్ల టఫెండ్ (వేడితో గట్టిపరిచిన) గ్లాస్ అయితే 12 మిల్లీమీటర్ల మందం ఉన్నా 85 శాతం దాకా వదులుతుంది, 4,000 పైన బయటికొస్తుంది.

నష్టం అక్కడితో ఆగదు. మంచి ఎండపూట ఆకాశం వెలుగే 5,000 నుంచి 10,000 నిట్స్ ఉంటుంది. పూత అద్దం అందులో పావు వంతు తిరిగి రోడ్డు వైపు కొడితే 1,250 నుంచి 2,500 నిట్స్. అంటే అద్దం మీద మెరిసే ఆకాశం, అద్దం వెనకున్న తెర ఒకే బలంతో పోటీ పడతాయి. మీది పడమటి ముఖం కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు గుంకే దాకా సూర్యుడే నేరుగా ఎదురుంటాడు. ఎండలో చలువ కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి కళ్లు మనకు కనబడనట్టే, మీ తెర కూడా ఆ నాలుగు గంటలూ కనబడదు. పొద్దు గుంకాక మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. బయట చీకటి పడ్డాక 1,500 నిట్స్ కూడా ఎక్కువే, తగ్గించుకోవాల్సి వస్తుంది.

కాబట్టి మీ అద్దం ఎలాంటిదో ముందు మీరే చూసుకోండి. అందుకు కంపెనీ మనిషి రానక్కరలేదు. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకుని, పగటిపూట అద్దం బయట ఫోన్ తెరను రోడ్డు వైపు తిప్పి పట్టుకుని అంకె రాసుకోండి. వెంటనే లోపలికి వచ్చి, అదే చోట, ఫోన్ తెర అద్దానికి ఆనేటట్టు, మళ్లీ రోడ్డు వైపే తిప్పి చూడండి. లోపలి అంకెను బయటి అంకెతో భాగిస్తే అద్దం ఎంత శాతం వెలుతురు వదులుతుందో తెలుస్తుంది. ఫోన్ అంకెలు కచ్చితంగా ఉండవు గానీ, రెండూ ఒకే ఫోన్‌తో తీస్తే నిష్పత్తి పనికొస్తుంది. మొదటి అంతస్తే అయినా బయటి కొలతకు నిచ్చెన అక్కరలేదు, తెరుచుకునే పలక ఉంటే అందులోంచి చెయ్యి చాపితే చాలు. ఎండ నేరుగా పడని ఉదయంపూట చేయండి.

రెండోది రాత్రిపూట పని. దీపాలు తీసేసి అద్దం ముందు ఒక లైటర్ మంట వెలిగించి పక్కనుంచి చూడండి. ఒంటి అద్దమైతే మంట ప్రతిబింబాలు రెండు కనబడతాయి, రెండు పలకల మధ్య గాలి ఉన్న డబుల్ గ్లాస్ అయితే నాలుగు. వాటిలో ఒకటి మిగతావాటికన్నా వేరే రంగులో ఉంటే పూత ఆ ముఖం మీద ఉన్నట్టు. చీరలు, కర్టెన్లు దూరం పెట్టి చేయండి. మూడోది, ప్రతి పలక మూలలో టఫెండ్ అని చిన్న ముద్ర ఉందేమో వెతకండి. ఉంటే ఆ అద్దాన్ని ఇక కోయలేరు, రంధ్రం పెట్టలేరు, పెడితే మొత్తం పొడి అవుతుంది. ముద్ర లేకపోతే అది మామూలు అద్దం కావచ్చు, అప్పుడు వేడి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎలివేషన్ చేసిన ఫ్యాబ్రికేటర్ దగ్గర గ్లాస్ బిల్లు ఉంటుంది. దాని మీద కంపెనీ పేరు, రకం నంబరు దొరికితే ఇవన్నీ కాగితం మీదే తేలిపోతాయి.

ఇక ఫిల్మ్. పలుచని పారదర్శక రేకు మీద ఎల్ఈడీ చుక్కలు అమర్చి ఉంటాయి. రెండు మూడు మిల్లీమీటర్ల మందం, చదరపు మీటరుకు మూడు నాలుగు కిలోల బరువు. దూరం నుంచి చూస్తే ఉన్నట్టే తెలియదు, 85 శాతం దాకా పారదర్శకం. ఫ్రేమ్ ఖర్చు లేదు. మీ మరిదికి నచ్చడంలో తప్పేమీ లేదు. కానీ మీ అద్దానికి ఇది సరిపడదని నా అభిప్రాయం, కారణాలు చెబుతాను. ఒంటి రిఫ్లెక్టివ్ గ్లాస్‌కు పూత సాధారణంగా లోపలి ముఖానే ఉంటుంది. ఫిల్మ్ జిగురు పడేదీ ఆ ముఖం మీదే. రేపు ఫిల్మ్ తీయాల్సి వస్తే పూత కూడా ఊడి రావచ్చు, అద్దం గ్యారంటీ పోతుంది. రంగు అద్దం ఎండ వేడిని తనలోకి పీల్చుకుంటుంది. దానికి వెనకనుంచి ఎల్ఈడీల వేడి తోడైతే నడిమి భాగం కాలుతూ, అల్యూమినియం ఫ్రేమ్‌లో దాగిన అంచులు చల్లగా ఉంటాయి. టఫెండ్ కాని అద్దం ఇలాంటి చోటే అంచు నుంచి పగులు తీసుకుంటుంది. బాగుచేయడం కూడా కష్టం. ఒక చుక్క పోతే అతికించిన చోటే టంకం వేయాలి, వరుస మొత్తం పోతే ఆ షీటు పీకి కొత్తది వేయాలి. నాలుగేళ్ల తర్వాత అదే రకం షీటు దొరుకుతుందా అన్నది ఇంకో ప్రశ్న. వెలుగు కూడా క్యాబినెట్ కన్నా తక్కువ, 2,000 నుంచి 4,000 నిట్స్ మధ్య. నీలం అద్దం వెనక పగలు అది అసలు నిలవదు.

తెల్ల టఫెండ్ గ్లాస్, ఉత్తరం ముఖం, సాయంత్రం వ్యాపారం ఉన్నచోట ఫిల్మ్ చక్కటి వస్తువు. ఫిల్మే చెడ్డదని మీరు ఇంట్లో చెప్పాల్సిన పని లేదు, అద్దం కుదరలేదని చెప్పండి.

క్యాబినెట్ రకం వేరు. మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు ఫ్రేముల్లో సన్నని పట్టీలు వరుసగా ఉంటాయి, పట్టీల మధ్య ఖాళీలోంచి వెలుతురు పోతుంది. ఎక్కువగా అమ్మేది అడ్డంగా 3.9, నిలువుగా 7.8 మిల్లీమీటర్ల ఎడం ఉన్నది. ఈ ఎడాన్నే పిచ్ అంటారు. పిచ్ ఎన్ని మిల్లీమీటర్లో కనీసం అన్ని మీటర్ల దూరంలో నిలబడితే చుక్కలు కలిసి బొమ్మగా కనబడతాయన్నది పనిలో వాడే లెక్క. మీ రోడ్డు అవతలి వైపు 18 మీటర్లకు పైనే కాబట్టి ఇది సరిపోతుంది, ఇంకా సన్నటి పిచ్‌కు ఎక్కువ డబ్బు పెట్టక్కరలేదు. మీ కొలతకు 6 మీటర్లు, 3 మీటర్లు తీసుకుంటే 36 క్యాబినెట్లు, అడ్డంగా 1,536 చుక్కలు, నిలువుగా 384. చదరపు మీటరుకు 12 కిలోల లెక్కన తెరే 216 కిలోలు, ఫ్రేమ్‌తో కలిపి 300 దాకా పోతుంది. ఈ బరువు స్లాబ్‌కు గానీ బీముకు గానీ యాంకర్ బోల్టులతో వేలాడాలి, లేదా కింద నేల మీద నిలవాలి. అద్దాన్ని పట్టుకున్న అల్యూమినియం ఫ్రేముకు, ఫాల్స్ సీలింగ్‌కు బిగించనివ్వకండి.

అద్దానికీ తెరకూ మధ్య ఖాళీ ఎంత అని కొటేషన్‌లో రాయించారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. కనీసం 15 నుంచి 20 సెంటీమీటర్లు వదిలి, పైన గాలి పీల్చే ఫ్యాన్ పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో పడమటెండ పడ్డప్పుడు ఆ సందులో వేడి 60 డిగ్రీలు దాటడం వింత కాదు, చాలా తెరలు పనిచేసే హద్దు 50 లేదా 60 అని వాటి కాగితాల్లోనే ఉంటుంది. ఇంకో సమస్య దుమ్ము. తెర బిగించాక అద్దం లోపలి ముఖం తుడవడానికి చెయ్యి పోదు. ఆరు నెలల్లో బూజు పట్టి రోడ్డు మీదికి కనబడుతుంది. తెరను రెండు మూడు భాగాలుగా చేసి పట్టాల మీద పక్కకు జరిగేటట్టు పెట్టమనండి. దానికి కొంత ఖర్చు పెరుగుతుంది, పెట్టదగిన ఖర్చే.

బిల్డింగ్ బయట ఇనుప జాలిలా కట్టే మెష్ రకం ఒకటుంది. అద్దం గొడవ దానికి లేదు. కానీ దాని పిచ్ 15 నుంచి 30 మిల్లీమీటర్లు, పెద్ద పెద్ద బిల్డింగులకు పనికొస్తుంది. మీ ఆరు మీటర్ల వెడల్పులో చీర కట్టిన మనిషి బొమ్మ గుర్తుపట్టేటట్టు రాదు. పైగా గాలివాన, కోతులు. బయట వేలాడే కేబుల్ ఏదైనా పాలమూరు కోతుల చేతిలో ఎన్నాళ్లుంటుందో మీకు నేను చెప్పక్కరలేదు. పారదర్శక ఓఎల్ఈడీ, ఎల్‌సీడీ తెరలు లోపల షోకేసులకే, రోడ్డుకు వాటి వెలుగు చాలదు. వీటిని వదిలేద్దాం.

కరెంటు లెక్క మీ చేతిలోదే కాబట్టి అంకెలు ఇస్తున్నాను. క్యాబినెట్ తెర చదరపు మీటరుకు గరిష్ఠంగా 800 వాట్లు తీసుకుంటుందనుకుంటే 18 చదరపు మీటర్లకు 14.4 కిలోవాట్లు. తెర మొత్తం తెల్లగా వెలిగినప్పటి సంగతి ఇది. మామూలు బొమ్మలతో అందులో మూడో వంతు, 4.8 కిలోవాట్లు. పగలు పది నుంచి ఆరు దాకా ఆ లెక్కన నడిపితే 38 యూనిట్లు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా వెలుగు తగ్గించి నడిపితే 2 కిలోవాట్ల చొప్పున 8 యూనిట్లు. చూడండి, ఎవరికీ సరిగా కనబడని పగటి వెలుగుకు నెలకు 1,100 యూనిట్లకు పైన, అందరికీ కనబడే సాయంత్రపు వెలుగుకు 240. కమర్షియల్ టారిఫ్ పై స్లాబుల్లో యూనిట్ పది రూపాయల దాకా పోతుంది, ఆపైనా పోతుంది. పగటి 4.8 కిలోవాట్లు చివరికి వేడిగా మీ దుకాణంలోనే దిగుతాయి, దాన్ని తోడెయ్యడానికి టన్నున్నర ఏసీకి దగ్గర పని. తెర వాడకపోయినా కిలోవాట్ లెక్కన కట్టే ఫిక్స్‌డ్ ఛార్జీ ఉంటుంది. కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ దగ్గర లోడ్ పెంచుకోవడానికి ముందే దరఖాస్తు పెట్టాలి. మూడు ఫేజులకూ సమంగా పంచితే గరిష్ఠంగా ఫేజుకు 21 ఆంపియర్లు. ప్రత్యేకమైన ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్షన్, కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి. మృగశిరకు ముందు పడే ఉరుముల వానల్లో పోయేవి ముందుగా పవర్ సప్లైలు, తెరకు బొమ్మను అందించే రిసీవింగ్ కార్డులే. బట్టల దుకాణం కాబట్టి మంటను పాకనివ్వని ఎఫ్ఆర్ఎల్ఎస్ కేబుల్ అడగండి, పవర్ బాక్సుల దగ్గర చీరల కట్టలు పేర్చనివ్వకండి. దుకాణం ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా ఒక కాగితం రాసి పెట్టండి.

మీ మామగారి మాటలో ఒక సాంకేతిక నిజం ఉంది, ఆయన ఆ మాటల్లో చెప్పకపోయినా. చీర కొనేవాళ్లు రంగు చూడటానికి దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళతారు. మీ మొదటి అంతస్తులో ఆ వెలుతురు వచ్చేది ఈ అద్దం నుంచే. క్యాబినెట్ పట్టీలు 60 నుంచి 75 శాతం వెలుతురే వదులుతాయి. నీలం అద్దం దాటి వచ్చిన 30 శాతంలో మళ్లీ అంత కోత అంటే లోపలికి చేరేది 20 శాతం దగ్గర. ఇంకోటి కూడా ఉంది. తెర వెలుగు అద్దం లోపలి ముఖానికి తగిలి వెనక్కి దుకాణంలోకే పడుతుంది, పూత ఉన్న అద్దమైతే ఇంకా ఎక్కువ. తెర మీద ఎర్రటి బొమ్మ వచ్చినప్పుడల్లా అద్దం దగ్గర పరిచిన తెల్ల చీర మీద ఎర్ర నీడ ఆడుతుంది. ఏ రంగు చీర ఇంటికి తీసుకెళ్లానో తెలియలేదని గిరాకీ రేపు తిరిగొస్తే ఆ నష్టం ఏ కొటేషన్‌లోనూ రాదు. ఇంత పెద్ద తెర పెడితే రంగు చూసుకునే చోటును అద్దానికి దూరంగా, మంచి తెల్ల దీపాల కిందికి మార్చుకోవాల్సిందే.

అలాగే మీ మరిది మాటలోనూ నిజం ఉంది. సాయంత్రం ఆరు దాటాక, లోపలి దీపాలు గట్టిగా లేకపోతే, నీలం అద్దం బయటికి నల్లటి గోడలా కనబడుతుంది, దుకాణం తెరిచి ఉందో మూసి ఉందో కూడా రోడ్డు మీదికి తెలియదు. పెళ్లిళ్ల కాలంలో మీ వ్యాపారం జోరుగా ఉండే గంటలు అవే. ఆ గంటల్లో తెర నిజంగా పనిచేస్తుంది.

ఏం చూపిస్తారన్నదీ ముందే ఆలోచించండి. ఈ తెరల్లో నలుపు అంటే వెలగని చోటు, అంటే ఖాళీ అద్దం. అందుకని బొమ్మ వెనక నల్లగా ఉంచితే చీర గాల్లో తేలినట్టు కనబడుతుంది, కరెంటూ తగ్గుతుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో తీసిన ఫొటోలు అలాగే వేస్తే పారదర్శకత పోతుంది, మీటరు గిర్రున తిరుగుతుంది. సెంటీమీటరు కన్నా సన్నని వివరం ఏదీ రాదు. గద్వాల చీర నూలు ఒంటికి పట్టు అంచు కలిసిన కుట్టు అందం ఈ తెర మీద చూపలేరు, రంగులు, కుచ్చిళ్ల కదలిక చూపగలరు. తెలుగు అక్షరాలకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు పెద్దక్షరం ఏడు వరసల చుక్కల్లో ఇమిడిపోతుంది. మన గుడులు, వత్తులు కలిసి చదవడానికి వీలుగా రావాలంటే 24 వరసలైనా కావాలి, 32 ఉంటే నిండుగా ఉంటుంది. నిలువు పిచ్ 7.8 లెక్కన 32 వరసలంటే పాతిక సెంటీమీటర్ల అక్షరం. తెరను నడిపే కంట్రోలర్‌తో వచ్చే చవక సాఫ్ట్‌వేర్లు వత్తును పక్కకు విడదీసి రాస్తాయి, కాబట్టి తెలుగు మాటలన్నీ బొమ్మగానో వీడియోగానో చేయించి ఎక్కించండి. రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా వెలుగుతుందన్నది, 3,840 హెర్ట్జ్ అని రాయించుకోండి. తక్కువైతే జనం ఫోన్లో వీడియో తీసినప్పుడు అడ్డ గీతలు పడతాయి.

ఎదురుగా ఉన్నది ప్రసూతి ఆస్పత్రి. బాలింతలు, పసిపిల్లలు పడుకునే గదుల కిటికీల్లోకి ఈ వెలుగు పోతుంది. రాత్రి రోడ్డు మీద చూడటానికి అద్దం దాటాక 300 నుంచి 500 నిట్స్ చాలు. వెలుతురును బట్టి తనంతట తానే తగ్గే సెన్సర్, రాత్రి పదికి ఆగిపోయే టైమర్ పెట్టించండి. ఠక్కుమని తెల్లగా మెరిసే బొమ్మలు వద్దు, బండి నడిపేవాళ్ల కళ్లకూ అవి మంచివి కావు. బిగించక ముందే ఆస్పత్రి డాక్టరమ్మను ఒకసారి కలిసి చెబితే ఫిర్యాదు దాకా పోదు. పురపాలక కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి అడగండి. సొంత దుకాణం సరుకు చూపడం వేరు, డబ్బు తీసుకుని పక్క నగల దుకాణం ప్రకటన వేయడం వేరు. ఆ రెండోది మొదలైతే మీ తెర హోర్డింగ్ కిందికి వస్తుంది. దానికి ఫీజు వేరు, కరెంటులో కూడా హోర్డింగులకు వేరే కేటగిరీ ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఉన్న నీలం అద్దం వెనకే క్యాబినెట్ తెర పెట్టి సాయంత్రాలు మాత్రమే నడపడం ఒకటి. ఇది కుదురుతుంది, కానీ అప్పుడు 18 చదరపు మీటర్లు అక్కరలేదు. నడిమి మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు, 18 క్యాబినెట్లు చాలు. నిలువెత్తు చీర బొమ్మకు ఆ ఆకారమే నప్పుతుంది కూడా. ఖర్చు సుమారు సగానికి వస్తుంది, రెండు పక్కలా మామగారు అడిగే వెలుతురు మిగులుతుంది. నాకు మీ పరిస్థితికి ఇదే దగ్గరగా అనిపిస్తోంది, లక్స్ మీటరులో 30 శాతం పైన వస్తే.

పగలు కూడా కనబడాలన్న పట్టుదల ఉంటే ఆ నడిమి పలకలు తీసి తెల్ల టఫెండ్ గానీ, ఎక్కువ వెలుతురు వదిలే డబుల్ గ్లాస్ గానీ వేయించాలి. బొమ్మ బాగుంటుంది. కానీ పడమటెండ నేరుగా లోపలికి వస్తుంది, ఏసీ భారం పెరుగుతుంది, అద్దం దగ్గరి చీరల రంగు వెలుస్తుంది, ఎలివేషన్‌లో నడుమ వేరే రంగు పట్టీలా కనబడుతుంది. తెర కూడా ఎండలోనే కాగుతుంది కాబట్టి ఆయుష్షు తగ్గుతుంది.

మూడో దారిలో అద్దాన్ని ముట్టుకోవద్దు. మొదటి అంతస్తు అద్దం కింద గానీ పైన గానీ ఏసీపీ (అల్యూమినియం) షీటు వేసిన గట్టి గోడ పట్టీ ఉంటే, అక్కడ ఆరు మీటర్ల పొడవు, మీటరు ఎత్తున మామూలు ఔట్‌డోర్ ఎల్ఈడీ బోర్డు పెట్టుకోవచ్చు. మధ్యలో అద్దం లేదు కాబట్టి పట్టపగలు కనబడుతుంది, బాగుచేసే మనుషులు దగ్గరలోనే దొరుకుతారు. అందం తక్కువ, బయట ఉంటుంది కాబట్టి వాననీరు చొరని ఐపీ65 రకమే తీసుకోవాలి. మీ మరిదికి ఇది చిన్నదిగా అనిపించవచ్చు.

ఏమీ పెట్టకుండా లోపలి దీపాలు మార్చడం కూడా ఒక దారే. అద్దానికి నాలుగడుగుల లోపల నాలుగు బొమ్మలకు చీరలు కట్టి వాటి మీద గట్టి స్పాట్ లైట్లు వేస్తే, చీకటి పడ్డాక నీలం అద్దంలోంచి కూడా స్పష్టంగా కనబడతాయి. ఇందులో గద్వాల అంచు నిజం అంచుగానే కనబడుతుంది. లక్ష లోపు పని. ఈ దసరాకు ఇది చేసి, తెర సంగతి మాఘం పెళ్లిళ్ల నాటికి తేల్చుకోవచ్చు.

డబ్బు సంగతి. 15 లక్షల 50 వేలను ఐదేళ్లకు పంచితే వడ్డీ, కరెంటు కాకుండానే నెలకు 25,800. మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, కంపోజిషన్‌లో ఉంటే అదీ ఖర్చే. ప్రతి నెలా అంత మిగలాలంటే సాయంత్రపు గిరాకీ ఎంత పెరగాలో మీ మార్జిన్ మీకే తెలుసు. ఆ అంకె ఒక కాగితం మీద రాసి భర్తకూ, మరిదికీ చూపండి. పాత తెరకు తిరిగి అమ్ముకునే ధర దాదాపు ఉండదు, కాబట్టి దానికోసం బంగారం కుదువ పెట్టడం నాకు సరైనదిగా తోచడం లేదు. దుకాణం ఓవర్‌డ్రాఫ్ట్‌లో సర్దలేని పని అయితే తెర సైజు తగ్గించాలి. ఇది మీ సొత్తు, కాదనే హక్కు మీకుంది.

అడ్వాన్స్ పోతుందేమోనన్న భయంతో మిగతాది కట్టకండి. ముందు ఆ లక్షన్నరకు రసీదు మీద ఏం రాసి ఉందో చూడండి. సరుకు ఇంకా ఆర్డర్ చేయలేదంటే ఇప్పుడే మీ మరిది పేరుతో కంపెనీకి ఒక మెయిల్ పెట్టించండి. అతనే ఇచ్చాడు కాబట్టి అతనే రాయడం మర్యాద. మీరు అతని తప్పు ఎత్తి చూపినట్టూ ఉండదు. అందులో ఇవి అడగండి: మా అద్దం వెనక రెండు క్యాబినెట్లు, అంటే చదరపు మీటరు తెర, ఎండ బాగా కాసే రోజు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా వెలిగించి చూపాలి, ఫిల్మ్ అయితే అతికించకుండా టేపుతో నిలబెట్టి చూపాలి, అది చూసేదాకా సరుకు తెప్పించవద్దు, సైజు, రకం మారితే అడ్వాన్స్ దానికే జమ కావాలి. శ్రావణం మబ్బుల్లో చూపిస్తే తెర బాగానే కనబడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నిజంగా పనిచేసే వస్తువు అమ్మేవాళ్లు ఈ డెమోకు అడ్డు చెప్పరు. రవాణా ఖర్చు అడిగితే ఇవ్వండి.

ఆ రోజు మామగారినీ, మరిదినీ ఇద్దర్నీ ఆస్పత్రి వైపు ఫుట్‌పాత్ మీద నిలబెట్టండి. మూడింటికి ఒకసారి, ఏడింటికి ఒకసారి. తర్వాత ఇద్దర్నీ పైకి తీసుకొచ్చి, తెర వెలుగుతుండగా అద్దం దగ్గర ఒక తెల్ల చీర, ఒక వంకాయ రంగు చీర పరిచి చూడమనండి. మీరు మధ్యలో ఎవరి పక్షానా వాదించక్కరలేదు. మూడింటికి ఏమీ కనబడకపోతే మరిదికి తెలుస్తుంది, ఏడింటికి రోడ్డు మీద జనం తలెత్తి చూస్తే మామగారికి తెలుస్తుంది. ఇద్దరూ ఒకే చోట ఒకే వస్తువును చూడటం మీ ఇంట్లో ఇంతదాకా జరగలేదు, ఇద్దరివీ ఊహలే.

తీసుకోవాలని తేలితే ఒప్పందంలో ఇవి ఉండాలి: అదే బ్యాచ్ మాడ్యూళ్లు (తెర ముక్కలు) 5 శాతం అదనంగా, రెండు పవర్ సప్లైలు, ఒక రిసీవింగ్ కార్డు ముందే మీ చేతికి. తర్వాత వచ్చే బ్యాచ్ రంగు కొద్దిగా తేడా ఉండి అతుకు వేసినట్టు కనబడుతుంది. వారంటీ వస్తువుకేనా, మహబూబ్‌నగర్ దాకా మనిషి వచ్చి బిగించడానికీనా, ఎన్ని రోజుల్లో వస్తారు అన్నది రాయించండి. తెర సెట్టింగుల ఫైలు పెన్‌డ్రైవ్‌లో, సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ కాగితం మీద మీకు ఇవ్వాలి. అవి కంపెనీ దగ్గరే ఉండిపోతే బొమ్మ మార్చిన ప్రతిసారీ వాళ్లకు డబ్బు కట్టాల్సి వస్తుంది. చివరి 15 శాతం డబ్బు తెర నెల రోజులు ఆగకుండా నడిచాకే ఇవ్వండి.